కూలగొట్టే ముందు ఒకసారి కొలిచి చూద్దాం

(ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్, ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, నన్ను పిలిచిన సివిల్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి కృతజ్ఞతలు.

నేను వేరే విషయం మాట్లాడదామని రాసుకొచ్చాను. కానీ పొద్దున కారు దిగి లోపలికి వస్తుంటే మీ హెచ్‌ఓడీ గారు గేటు పక్కన చెట్ల వెనక ఉన్న రెండంతస్తుల పాత ఆఫీసు బ్లాకు చూపించారు. "ఇది 1970ల నాటిది మేడమ్. ఇప్పుడు స్టోర్ రూమ్‌గా వాడుతున్నాం. పడగొట్టి అక్కడ కొత్త రీసెర్చ్ సెంటర్ కడదామని ఆలోచన. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకుందామనుకుంటున్నాం" అన్నారు. ఆ మాట ఆయన మంచి మనసుతోనే అన్నారు, అందులో తప్పేమీ లేదు. ఈ రోజుల్లో ఎవరైనా అలాగే అంటారు. కానీ ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. రాసుకొచ్చిన కాగితాలు బ్యాగులో పెట్టేశాను. ఈ గంటా ఆ బ్లాకు గురించే మాట్లాడతాను. మధ్యలో ఇంగ్లండు వెళ్లి, కోఠీ మీదుగా తిరిగొద్దాం.

ముందు ఈ హాల్లోనే ఉన్న ఒక వస్తువు చూడండి. కుడి పక్కన వరసగా స్తంభాలున్నాయి కదా. ఒక్క స్తంభం తీసుకుందాం. అడుగు వెడల్పు, అడుగున్నర మందం, నేల నుంచి స్లాబు దాకా పది అడుగుల ఎత్తు అనుకోండి. మొత్తం 15 ఘనపుటడుగుల కాంక్రీటు. అంటే ఘనపు మీటరులో సగానికి కొంచెం తక్కువ. ఘనపు మీటరుకి ఏడు బస్తాల సిమెంటు వేశారనుకుంటే, ఈ ఒక్క స్తంభంలో మూడు బస్తాలు, 150 కేజీల సిమెంటు ఉంది. ఆ సిమెంటు తయారవడానికి సుమారు 120 నుంచి 130 కేజీల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోయింది. లోపలున్న ఇనుము లెక్క ఇంకా కలపలేదు.

ఎందుకు అంత? ఇంటర్‌లో చదువుకున్న కెమిస్ట్రీయే. సున్నపురాయిని కాలిస్తే సున్నం వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ పోతుంది. 100 కేజీల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 కేజీల సున్నం మిగులుతుంది, 44 కేజీలు వాయువై పోతుంది. బట్టీలో బొగ్గు బదులు సోలార్ కరెంటు వాడినా ఈ 44 కేజీలు తగ్గవు. అది రాయిలోనే ఉంది. బట్టీ మంట వల్ల వచ్చేది దీనికి అదనం. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం ఒక్క సిమెంటు పరిశ్రమదే అంటే కారణం ఇదే.

ఇప్పుడు మీ పాత బ్లాకు దగ్గరికి రండి. అందులో ఎన్ని స్తంభాలున్నాయి, ఎన్ని దూలాలున్నాయి, స్లాబు ఎంతుంది? ఆ కార్బన్ అంతా యాభై ఏళ్ల కిందటే ఖర్చయిపోయింది. దాన్ని వెనక్కి తేలేం. ఆ ఖర్చుకి ప్రతిఫలంగా మనకి మిగిలింది ఆ భవనమే. దాన్ని పడగొడితే ఆ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. పైగా కొత్తది కట్టడానికి మళ్లీ అంత ఖర్చు. ఆ తర్వాత పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టి "గ్రీన్" అని బోర్డు కడతాం. ఆ పలకలు ఎన్నేళ్లు పనిచేస్తే ఈ అప్పు తీరుతుందో ఎవరూ లెక్క వేయరు.

కార్ల్ ఎలిఫాంటే అని అమెరికా ఆర్కిటెక్టు ఒకాయన ఉన్నారు. అన్నిటికన్నా పచ్చని భవనం ఇప్పటికే కట్టి ఉన్న భవనమే అని 2007లో ఆయనన్న మాట మా రంగంలో అందరి నోళ్లలో నానుతోంది. నాకు ఆ మాట ఇష్టమే. కానీ అక్కడితో ఆగితే సరిపోదు. పాతది ఉంచేస్తే చాలదు, దాన్ని బాగు చేయాలి. అది కొత్తది కట్టడం కన్నా కష్టమైన పని. ఎంత కష్టమో చెప్పడానికే ఇంగ్లండు వెళ్దామన్నాను.

కేంబ్రిడ్జ్ ఊరి నడిబొడ్డున రీజెంట్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. అందులో ఒకటో నంబరు భవనం. 1930ల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి కోసం కట్టారు. మనవాళ్లు ఒకప్పుడు ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు గంటలు ఎదురుచూసేవాళ్లే, అలాంటి కాలపు భవనం. ఎక్స్ఛేంజి భవనాల్లో ఒక సుగుణం ఉంటుంది. బరువైన యంత్రాలు పెట్టాలి కాబట్టి నేలలు గట్టిగా, గదులు పెద్దవిగా, కప్పులు ఎత్తుగా కడతారు. అలాంటి ఎముక ఉన్న భవనం తర్వాత ఏ పనికైనా ఒదుగుతుంది. కాలం మారింది, ఎక్స్ఛేంజి పోయింది, మామూలు ఆఫీసు భవనంగా మిగిలింది. చలికాలంలో వణుకు, ఎంత వేడి చేసినా నిలవదు.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పర్యావరణం, వ్యాపారాల బాధ్యత గురించి పనిచేసే ఒక సంస్థ ఉంది. కేంబ్రిడ్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ సస్టైనబిలిటీ లీడర్‌షిప్. లోకానికంతటికీ కార్బన్ తగ్గించుకోండి అని చెప్పే సంస్థ అది. వాళ్లకి సొంత కేంద్రం కావాల్సి వచ్చింది. ఊరి బయట ఖాళీ స్థలంలో గాజు మేడ కట్టుకోవచ్చు. కట్టుకోలేదు. ఈ పాత భవనాన్నే తీసుకున్నారు. ఎన్విజన్ అనే ఇంధన సంస్థ 60 లక్షల పౌండ్లు విరాళం ఇచ్చింది. మొత్తం ఖర్చు కోటీ 28 లక్షల పౌండ్లు, అప్పటి లెక్కన మన డబ్బులో 130 కోట్ల రూపాయలకి అటూ ఇటూ. 2022లో ఎంటోపియా బిల్డింగ్ అనే పేరుతో తెరిచారు. అందులో సంస్థ ఆఫీసుంది, పర్యావరణం కోసం పనిచేసే చిన్న చిన్న స్టార్టప్‌లు కూర్చునే చోటుంది, సమావేశాలు జరుగుతాయి.

వాళ్లు పెట్టుకున్న లక్ష్యం చూడండి. ఎనర్‌ఫిట్ అని ఒక ప్రమాణం ఉంది. జర్మనీలో డార్మ్‌స్టాట్ అనే ఊళ్లో 1991లో పాసివ్ హౌస్ అనే పద్ధతిలో మొదటి ఇళ్లు కట్టారు. హీటరు దాదాపు అక్కర్లేకుండా, మనుషుల ఒంటి వేడి, దీపాల వేడి, కిటికీలోంచి వచ్చే ఎండతోనే చాలావరకు గడిచిపోయే ఇళ్లు. ఆ పద్ధతినే పాత భవనాలకి తగినట్టు కొంచెం సడలిస్తే ఎనర్‌ఫిట్. సడలించారంటే సులువని కాదు. వాళ్ల వాతావరణానికి చదరపు మీటరుకి ఏడాదికి 25 యూనిట్లకి (మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే, కిలోవాట్-గంటలు) మించి వేడి అవసరం రాకూడదు. కొత్త భవనమైతే 15 యూనిట్లు. ఎనభై ఏళ్లు దాటిన భవనంతో ఇది సాధించడమంటే, ముసలాయనకి శిక్షణ ఇచ్చి పరుగు పందెంలో నిలబెట్టినట్టే.

ఇందులో ఒక్క పరీక్ష గురించి వివరంగా చెప్తాను. మీలో ఎవరైనా తర్వాత ఈ రంగంలోకి వస్తే ఇది మీ చేతుల మీదుగా జరగాలి.

దాన్ని బ్లోయర్ డోర్ టెస్ట్ అంటారు. ముఖద్వారం తీసి, దాని చోట ఒక గట్టి గుడ్డ బిగిస్తారు. గుడ్డ మధ్యలో పెద్ద ఫ్యాను. కిటికీలు, తలుపులు అన్నీ మూసేసి ఫ్యాను తిప్పుతారు. లోపలి గాలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ తేడా 50 పాస్కల్స్ వచ్చేదాకా. 50 పాస్కల్స్ అంటే గ్లాసులో నీళ్లు ఐదు మిల్లీమీటర్ల ఎత్తు నిలబడితే పడే ఒత్తిడి, అంతే. కానీ ఆ కాస్త ఒత్తిడికే భవనం తన రహస్యాలన్నీ బయటపెట్టేస్తుంది. పొగ వచ్చే చిన్న పుల్ల పట్టుకుని గోడల వెంట నడుస్తారు. స్విచ్ బోర్డు దగ్గర పొగ సర్రున పక్కకి పోతుంది. అక్కడ కన్నం ఉందన్నమాట. కిటికీ చట్రం, గోడ కలిసే చోట పోతుంది. పైపు గోడలోంచి దూరిన చోట పోతుంది. ఎనర్‌ఫిట్ అయితే ఈ ఒత్తిడిలో గంటకి భవనంలోని గాలి మొత్తం ఒక్కసారికి మించి మారకూడదు. మామూలు పాత భవనాల్లో గంటకి ఎన్నోసార్లు మారిపోతుంది. అంటే హీటరు వేసి వేడి చేసిన గాలంతా కన్నాల్లోంచి వీధిలోకి పోతోందన్నమాట.

ఈ పరీక్ష పాస్ కావాలంటే ఇంజనీరు ఒక్కరే తెలివైనవాడైతే సరిపోదు. వైర్లు లాగే ఎలక్ట్రీషియన్ దగ్గర్నుంచి పైపులు బిగించే ప్లంబర్ దాకా అందరికీ అర్థం కావాలి. తాను వేసిన చిన్న కన్నం మొత్తం శ్రమని పాడు చేస్తుందని ప్రతి మేస్త్రీకీ తెలియాలి. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చేది అదే. పనిచేసే చేతులకి గౌరవం ఇస్తుంది. మన సైట్లలో కూలి మనిషికి ఎందుకు చేస్తున్నామో చెప్పే అలవాటే లేదు.

ఇక గోడలు. బయటివైపు చలిని ఆపే పొర అతికించేస్తే పని సులువు. కానీ ఊరి నడిమధ్య పాత వీధి, బయటి రూపం మార్చడం కుదరదు. కాబట్టి లోపలివైపు నుంచి వేశారు. లోపలివైపు వేస్తే ఒక ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబు టేబుల్ మీద పెడితే ఏమవుతుంది? చెమట పడుతుంది. అలాగే లోపల పొర వేశాక ఇటుక గోడకి గదిలోని వేడి అందదు, గోడ చల్లబడిపోతుంది. గదిలో మనుషుల ఊపిరి తేమ పొర వెనక్కి దూరి ఆ చల్లటి ఇటుక మీద నీళ్లుగా మారుతుంది. పైకి ఏమీ కనిపించదు. లోపల బూజు, గోడలో చెక్క దూలాల కొనలుంటే అవి పుచ్చిపోవడం. అందుకే ఇలాంటి చోట గోడ ఊపిరి పీల్చుకుని ఆరిపోవడానికి వీలిచ్చే పదార్థాలు ఎంచుకోవాలి, కిటికీ మూలల్లో, స్లాబు గోడని కలిసే చోట అంగుళం అంగుళం లెక్క వేయాలి.

అంత బిగుతుగా మూసేస్తే మరి లోపలివాళ్లకి గాలి ఎలా? దానికి వేడిని తిరిగి పట్టుకునే వెంటిలేషన్ యంత్రం ఉంటుంది. లోపలి నుంచి బయటికి పోయే వెచ్చటి గాలి, బయటి నుంచి వచ్చే చల్లటి గాలి, రెండూ పల్చటి రేకులకి అటూ ఇటూ పక్కపక్కనే ప్రయాణం చేస్తాయి. ఒకదానిలో ఒకటి కలవవు. వేడి మాత్రం ఇటు నుంచి అటు మారుతుంది. చెడ్డ గాలి పోతుంది, దాని వెచ్చదనం ఇంట్లోనే ఉండిపోతుంది. చక్కటి ఏర్పాటు.

ఫలితం? మామూలు ఆఫీసుతో పోలిస్తే వేడి చేసే అవసరం 75 శాతం తక్కువ. మామూలుగా చేసే ఆఫీసు మరమ్మతుతో పోలిస్తే భవనం జీవితకాలం మొత్తం లెక్కలో కార్బన్ 80 శాతానికి పైగా ఆదా. ఇవి ఆ సంస్థ చెప్పిన లెక్కలు. బ్రిటన్‌లో భవనాలకి మార్కులు వేసే బ్రీమ్ విధానంలో అన్నిటికన్నా పై మెట్టు అవుట్‌స్టాండింగ్, మనుషుల ఆరోగ్యం చూసే వెల్ ప్రమాణంలో గోల్డ్, దాంతోపాటు ఎనర్‌ఫిట్. ఈ మూడిటినీ లక్ష్యంగా పెట్టుకుని చేసిన పని ఇది.

ఈ అంకెలన్నీ ఒకెత్తు. నా మనసులో నాటుకుపోయింది మాత్రం ఒక చిన్న విషయం. దీపాలు. ఇంకో భవనంలో వాడి తీసేసిన ఎల్‌ఈడీ దీపాలు 350కి పైగా తెచ్చి ఇక్కడ బిగించారు. కోట్ల పౌండ్ల ప్రాజెక్టు. కొత్త దీపాలు కొనడానికి డబ్బు లేక కాదు. బాగా వెలిగే దీపాన్ని పారేయడం తప్పు అనుకున్నారు కాబట్టి.

ఇది నాకు ఎందుకంత తగిలిందో చెప్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాదులో ఒక ఆఫీసు మార్పు పనికి సైట్ ఇంజనీరుగా వెళ్లాను. కంపెనీ పేరు అనవసరం. పాత అద్దెదారు ఖాళీ చేశాడు, కొత్త అద్దెదారుకి వేరే రంగులు కావాలి. అంతకుముందు రెండేళ్ల కిందటే వేసిన ఫాల్స్ సీలింగ్, లైట్లు, కార్పెట్, గాజు పార్టిషన్లు అన్నీ మూడు రోజుల్లో పీకేశాం. లైట్లలో ఒక్కటీ పాడవలేదు. నేనే స్విచ్ వేసి చూశాను, అన్నీ వెలిగాయి. వాటిని మెట్ల మీదుగా దించి లారీలో పడేస్తుంటే గాజు పగిలే శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. స్క్రాప్ అతను ఇనుప చట్రాలకి మాత్రమే డబ్బు లెక్కగట్టాడు, కేజీల లెక్కన. మిగతాది ఊరి బయట ఎక్కడో గుట్టలో కలిసింది. ఆ లైట్లని ఏదైనా గవర్నమెంటు స్కూలుకి ఇద్దామని నేను అడిగాను. "మేడమ్, దించడానికి రోజు ఎక్కువ పడుతుంది, లేబర్ ఖర్చు ఎవరిస్తారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూనే ఈ రంగంలో ఇన్నేళ్లు గడిపాను.

వాడిన వస్తువు మళ్లీ వాడాలంటే నిజంగానే ఇబ్బందులున్నాయి. తీసేటప్పుడు జాగ్రత్తగా తీయాలి. పరీక్ష చేయాలి. రేపు పాడైతే గ్యారంటీ ఎవరిస్తారో తేల్చాలి. టెండరు కాగితంలో "కొత్త సరుకు మాత్రమే" అనే వాక్యం ఉంటే అక్కడే కథ అయిపోతుంది. కాబట్టి మొదటి మార్పు సైట్‌లో కాదు, టెండరు కాగితంలో రావాలి. మీలో కొంతమంది రేపు గవర్నమెంటు ఇంజనీర్లవుతారు. ఆ వాక్యం మీ కలం కింద పడుతుంది. అప్పుడు ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా.

(విద్యార్థిని: మేడమ్, మన దగ్గర అలా గాలి దూరకుండా మూసేస్తే ఉక్కపోతతో ఉండలేం కదా? ఇది మనకెలా పనికొస్తుంది?)

చాలా మంచి ప్రశ్న. సరిగ్గా ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. అక్కడి పరిష్కారాన్ని ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టేస్తారు. మన ఐటీ కారిడార్‌లో పడమటి ఎండకి ఎదురుగా నిలబెట్టిన గాజు మేడలు ఆ తప్పే. కేంబ్రిడ్జ్‌లో శత్రువు చలి. వేడిని లోపల పట్టి ఉంచాలి. మన శత్రువు ఎండ. దాన్ని గోడ దాకా రానివ్వకూడదు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది మూసేయడం కాదమ్మా, కొలవడం. ఏ గోడ నుంచి ఎంత వేడి వస్తోంది, ఏ కిటికీ ఏ గంటకి మండుతోంది, ఏది ఉంచాలి, ఏది మార్చాలి అని అంగుళం అంగుళం తెలుసుకుని దిగడం.

మన దగ్గర పై అంతస్తులో ఏప్రిల్, మే నెలల్లో వేడికి పెద్ద కారణం పైకప్పు. నడినెత్తి సూర్యుడు రోజంతా స్లాబుని కాలుస్తాడు. రాత్రంతా ఆ స్లాబు మనల్ని కాలుస్తుంది. దానికి తెల్లటి పూత ఎంత మేలు చేస్తుందో చూశాకే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. గవర్నమెంటు భవనాలకీ వాణిజ్య భవనాలకీ అలాంటి పైకప్పు తప్పనిసరి అంది. ఇక గోడలకి ఎండ తగలకుండా సజ్జాలు, వరండాలు, చెట్లు. మీ పాత బ్లాకుకి ముందువైపు వరండా ఉంది, చూశారా? పడమటివైపు రెండు పెద్ద వేపచెట్లున్నాయి. కొత్త భవనం డ్రాయింగులో ఆ చెట్లున్నాయేమో నాకు తెలియదు. ఆ నీడ పెరగడానికి యాభై ఏళ్లు పట్టింది. ఏ కాంట్రాక్టరూ అది సప్లై చేయలేడు.

కోఠీ గురించి చెప్తానన్నాను. మా అమ్మ కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదువుకుంది. ఎండాకాలం పరీక్షల ముందు ఆ పెద్ద మెట్ల పైన, స్తంభాల వెనక నీడలో కూర్చుని చదువుకునేదట. "బయట నిప్పులు చెరిగేది, లోపల నేల మీద చెయ్యి పెడితే చల్లగా తగిలేది" అనేది. ఫ్యాన్ తిరిగినట్టు ఆమెకి గుర్తే లేదు. మీలో హైదరాబాదు పిల్లలకి ఆ భవనం తెలిసే ఉంటుంది. మెట్లకి అటూ ఇటూ సింహాలు, ముందు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు.

అది ఒకప్పుడు ఆఫీసే. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న రెసిడెంటు ఇల్లూ, కచేరీ రెండూ అదే. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ కాలంలో, 1803 ప్రాంతంలో పని మొదలైంది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్ దాని రూపశిల్పి. ఖర్చు నిజాం ఖజానాది. మన వాళ్ల డబ్బు, మన వాళ్ల చెమట, పెత్తనం కంపెనీది. 1857లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ మనుషులతో దాడికి వెళ్లింది ఆ రెసిడెన్సీ మీదకే. అలాంటి చోటు 1949లో ఆడపిల్లల కాలేజీ అయింది. పరాయి పెత్తనానికి గుర్తుగా నిలిచిన కచేరీలో మన ఆడపిల్లలు కెమిస్ట్రీ నోట్సు రాసుకున్నారు. ఆ మాట చెప్పేటప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. పడగొట్టి ఉంటే ఆ జవాబు చరిత్రకి చెప్పగలిగేవాళ్లమా?

కానీ వాడుకున్నాం తప్ప చాలాకాలం పట్టించుకోలేదు. కప్పు కారింది, పెచ్చులూడాయి. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దాన్ని చేర్చింది. తర్వాత చాలా ఏళ్లు పట్టింది మరమ్మతుకి. 2023 జనవరిలో ప్రధాన భవనం మళ్లీ సందర్శకుల కోసం తెరుచుకుంది. కాలేజీ ఈలోగా విశ్వవిద్యాలయం అయింది, ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. రెసిడెంటు కచేరీకి ఐలమ్మ పేరు.

ఆ కాలం గోడల్లో సిమెంటు లేదు. డంగుసున్నం. మీ తాతగారి ఊళ్లో గానుగ సున్నం అని ఉంటారు. సున్నం, ఇసుక గానుగలో వేసి ఎద్దుల చేత రోజుల తరబడి తొక్కించి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. మా మేస్త్రీల్లో ఒక పెద్దాయన సున్నం అదును చూడాలంటే తాపీ మీద వేసి తిరగేసేవాడు. జారిపోకుండా అతుక్కుని ఉంటేనే "ఇప్పుడు పాకానికొచ్చిందమ్మా" అనేవాడు. ఆ సున్నం గోడలో గట్టిపడేటప్పుడు గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా తిరిగి పీల్చుకుంటుంది. బట్టీలో పోగొట్టుకున్నదానిలో కొంత వెనక్కి తెచ్చుకుంటుంది. తేమని పీల్చుకుని, వదిలి, గోడని ఆరనిస్తుంది. అలాంటి గోడకి పగుళ్లొచ్చాయని పైన సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే దానికి ఊపిరాడదు. తేమ లోపల చిక్కుకుని సున్నాన్ని తినేస్తుంది. పాత భవనాలకి మరమ్మతు పేరుతో జరిగే పెద్ద అపకారం ఇదే. ఇందాక చెప్పిన చెంబు చెమట గుర్తుందా? కేంబ్రిడ్జ్ గోడకీ కోఠీ గోడకీ జబ్బు ఒకటే. తేమ ఎక్కడికి పోతుందో ఆలోచించకుండా పొర వేయడం.

ఇక మీ బ్లాకు. 1970ల కాంక్రీటు. దాన్ని తప్పకుండా ఉంచాల్సిందే అని నేను చెప్పట్లేదు. చూడకుండా చెప్తే నేను ఇంజనీరునే కాదు. కాంక్రీటుకి కార్బన్ డయాక్సైడ్ సున్నానికి చేసినట్టు మేలు చేయదు. ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఇనుముకి రక్షణగా ఉన్న క్షార గుణాన్ని తినేస్తుంది. ఆ పైన తడి తగిలితే ఇనుము తుప్పు పడుతుంది, ఉబ్బుతుంది, పెచ్చులు రాలతాయి. అది ఎంత లోతు పోయిందో తెలుసుకోవడం పెద్ద ఖర్చు కాదు. స్తంభం మూల కొంచెం చెక్కి, అప్పుడే బయటపడ్డ కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లండి. మీ కెమిస్ట్రీ ల్యాబులో సీసా ఉంటుంది. గులాబీ రంగు వస్తే అక్కడ కాంక్రీటు ఇంకా ఆరోగ్యంగా ఉంది. రంగు రాకపోతే అంత మేరకు కార్బన్ డయాక్సైడ్ చేరింది. రంగు మొదలయ్యే చోటు నుంచి ఇనుము ఇంకా ఎంత లోపల ఉందో స్కేలు పెట్టి కొలవండి. ఆ కొద్ది మిల్లీమీటర్లే మీ భవనం ఆయుష్షు గురించి సగం కథ చెప్తాయి. తర్వాత రీబౌండ్ హ్యామర్ పరీక్ష, అంటే స్ప్రింగు సుత్తి ఎంత వెనక్కి ఎగురుతుందో చూసి కాంక్రీటు గట్టిదనం అంచనా వేయడం. అవసరమైతే కోర్ తీసి, అంటే డ్రిల్లుతో గుండ్రటి ముక్క తీసి, పరీక్ష. స్తంభాలు బాగుండి స్లాబు ఒక్కటే పాడైతే స్లాబు వరకే మార్చొచ్చు. పునాదే దెబ్బతింటే పడగొట్టండి, నేను అడ్డు చెప్పను. అప్పుడైనా తలుపులు, కిటికీ చట్రాలు, ఇటుకలు, నేల మీద షాబాద్ బండలు విడిగా తీయండి. జేసీబీతో ఒక్క పూటలో చదును చేయడం వేరు, విప్పి తీసుకోవడం వేరు.

నేను హెచ్‌ఓడీ గారిని ఒక్కటే అడిగాను. "సార్, ఈ పరీక్షలు చేయించారా?" అని. "లేదు మేడమ్, పాతదే కదా అని..." అన్నారు. ఆయన్ని తప్పు పట్టడానికి చెప్పట్లేదు. ఆయన వెంటనే, "పోనీ మా పిల్లలతో చేయిద్దామా?" అన్నారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అందుకే నా కాగితాలు బ్యాగులో పెట్టింది.

కాబట్టి రేపు ఉదయం ఎనిమిదింటికి పాత బ్లాకు వరండాలో కలుద్దాం. నా రైలు సాయంత్రానికి మార్చుకున్నాను. సివిల్ వాళ్లు టేపు, ఉలి, సుత్తి, ఫినాఫ్తలీన్ సీసా తెండి. ఆర్కిటెక్చర్ వాళ్లు మూడు థర్మామీటర్లు తెండి. ఒకటి వేపచెట్టు నీడలో పెడదాం, ఒకటి వరండాలో, ఒకటి పై అంతస్తు గదిలో స్లాబు కింద. ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గంట గంటకీ రాసుకుందాం. స్తంభాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, ఒక్కోదానికి ఎన్ని బస్తాలో పక్కన వేద్దాం. తలకి గుడ్డ కట్టుకురండి, లోపల దుమ్ము బాగా ఉంటుంది. తాళం చెవి స్టోర్ ఇన్‌చార్జి గారి దగ్గరుందట, హెచ్‌ఓడీ గారు తెప్పిస్తానన్నారు.